తడపని గడ్డి

కోచ్ యోరిస్‌కు హిందీలో వచ్చిందల్లా ఒక్క మాట: "పానీ?" మ్యాచ్ రోజు, గ్రౌండ్ తడిపారా అని ఆ మాట అడగనిదే కాఫీ కూడా ముట్టడు. గ్రౌండ్ చూసుకునే పెద్దులు జవాబూ ఒక్కటే: "హో గయా సార్."

యోరిస్ హాలండ్ మనిషి. అక్కడ పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు, లెఫ్ట్ వింగ్‌లో. ఒకసారి ఎండి బిగుసుకుపోయిన గ్రౌండ్‌లో బూటు పట్టేసి, మోకాలు తిరిగిపోయింది. దాంతో ఆట మానేసి కోచ్ అయ్యాడు. దేశాలు తిరిగి తిరిగి ఒమాన్‌లో, బహ్లాలోని ఓ చిన్న క్లబ్బుకొచ్చి పడ్డాడు. ఇక్కడా వరసగా ఓటములే. ఇంకొక్కటి ఓడితే ఇంటికేనని కమిటీ తేల్చి చెప్పింది.

ఆ ఆఖరి మ్యాచ్ రోజున పెద్దులు ధ్యాసంతా జగిత్యాల దగ్గరి తన కొత్తింటి మీదే. ముందురోజే స్లాబ్ పోశారు. భార్య సంధ్య వీడియోకాల్ పెట్టింది.

"మంచిగ కొట్టుండ్రి నీళ్లు! ఆ మూలకు ఎండుతున్నది, కానొస్తలేదా?" అని గంటసేపు అరిచాడు మహానుభావుడు. ఇక్కడ కాళ్లకింద గడ్డి ఎండిపోతుంటే మాత్రం కానరాలేదు.

కోచ్ వచ్చి "పానీ?" అన్నాడు. అలవాటుపడ్డ నోరు కదా, "హో గయా సార్" అనేసింది. తర్వాత కొడదాంలే అనుకున్నాడు. గీతలకు సున్నం, జెండాలు, కుర్చీలు. ఇంకెక్కడి నీళ్లు!

ఇరవయ్యో నిమిషంలో హైథమ్ పడిపోయాడు. టీమ్‌కు ప్రాణం అతనే. మస్కట్ పెద్ద క్లబ్బు నుంచి పిలుపొచ్చిన ఆటగాడు. బంతితో గిర్రున తిరగబోతే బూటు నేలలోనే ఉండిపోయింది. కోచ్‌కు అయినట్టే మోకాలు తిరిగిపోయింది.

మ్యాచ్ పోయింది. గ్రౌండ్ ఎందుకు తడపలేదని కమిటీ నిలదీస్తే, "నేనే వద్దన్నాను" అన్నాడు కోచ్. అతని ఉద్యోగం ఊడింది. టీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ పెద్దులు అటునుంచటే వెనక్కి తిరిగిపోయాడు. ఛీ, ఏం బతుకురా నాదని తిట్టుకున్నాడు. రెండ్రోజులు అన్నం సయించలేదు.

మూడోనాడు, సామాను సర్దుకుంటున్న కోచ్ ముందు చేతులు జోడించాడు. "సార్, దట్ డే పానీ నో. ఐ టెల్ లై," అన్నాడు, నీళ్లు కొట్టలేదని, అబద్ధమాడానని వచ్చీరాని ఇంగ్లీషులో.

కోచ్ పెట్టె మీద కూలబడ్డాడు. పెద్దులుకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. "తెలుసు. మ్యాచ్‌కు ముందు ఉత్త కాళ్లతో నడిచి చూశాను. తడపడానికి ఇంకా టైముండింది. కానీ పొడిగడ్డి మీద బంతి మెల్లగా పోతుంది, అవతలి వాళ్ల వేగం తగ్గుతుంది. గెలిస్తే ఉద్యోగం నిలుస్తుందని ఊరుకున్నాను."

బరువు దిగాల్సిన పెద్దులుకు ఒళ్లు మండింది. "ఆ నొప్పి నీకెర్కే గద సార్! నాకన్న నీకే ఎర్క!" అని తెలుగులోనే అరిచేశాడు. భాష రాకపోయినా కోచ్ తల దించుకున్నాడు.

ఇద్దరూ కలిసి హైథమ్ ఉన్న మస్కట్ బౌషర్ ఆస్పత్రికి వెళ్లారు. కోచ్‌ను చూడగానే హైథమ్ మొహం విప్పారింది, చెయ్యి పట్టేసుకున్నాడు.

"నువ్వు నీళ్లు వద్దన్నావంటే నేను నమ్మలేదు కోచ్. ఎవరిని కాపాడుతున్నావు?"

"నేనే కొట్టలే భాయ్," అన్నాడు పెద్దులు, హైథమ్‌కూ వచ్చిన హిందీలో.

హైథమ్ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పెద్దులు తలవంచుకుని అన్నీ పడ్డాడు. "ఈయన్ని చూసి సిగ్గు తెచ్చుకో! ఇక నా ఆట పోయినా సరే, ఈయనలాంటి కోచ్‌నవుతాను," అన్నాడు హైథమ్.

అప్పుడు యోరిస్ అన్నీ చెప్పాడు. ఉత్త కాళ్లతో నడిచిన సంగతీ దాచలేదు. హైథమ్ మెల్లగా కోచ్ చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు.

పెద్దులుకు తిట్లైనా దక్కాయి. కోచ్‌కు అవీ దక్కలేదు.