ఆకుపచ్చ ఉగ్గుగిన్నె

తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్ని పాత టూత్‌బ్రష్‌తో కడగడం నా ఉద్యోగం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి వాళ్ల అంట్లు తోముతున్నావని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. ఇంట్లో అంట్లు తోమితే జీతం ఎవరిస్తారే అంటాను నేను.

ఏది దొరికినా దానికో చీటీ ఉంటుంది, ఏ గుంటలో ఎంత లోతున దొరికిందో రాసి. చీటీ పోతే ఆ వస్తువు ఇక ఎవరి కథా చెప్పదు. పోగొట్టిన వాళ్లకి మొదటిసారి చీవాట్లు, రెండోసారి ఉద్వాసన. నాలుగు నెలల కిందట నా చేతిలో ఓ చీటీ నీళ్లలో నాని ముక్కలైంది. నాకది రెండోసారి. ఆ చీటీతో వచ్చింది ఒక్క పగులైనా లేని బుల్లి ఉగ్గుగిన్నె, ఆకుపచ్చ మెరుగుపూతతో, పక్కన తాగడానికి చిన్న కొమ్ముతో. గిన్నే లేకపోతే చీటీ ఎవరడుగుతారు? సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

నా మనవరాలు బుజ్జికి రెండేళ్లు. గిన్నె తెచ్చినప్పట్నుంచి పళ్లరసం అందులో పోసి చెంచాతో కలిపిస్తేనే తాగుతుంది.

ఈరోజు పొద్దున తవ్వకాల పెద్ద, మా మేడమ్, అలాంటి ఆకుపచ్చ గిన్నెల పెంకులే బల్ల మీద పరిచింది. లోపలి పూత అరిగిపోయి ఉంది.

“ఈ పూతలో సీసం ఉంది. పులుపు తగిలితే కొంచెం కొంచెంగా కరిగి తాగేదాంట్లో కలుస్తుంది. ఇక్కడ తవ్వితే దొరికిన పిల్లల ఎముకల్లో సీసం ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.”

“తాగితే ఏమవుతుంది మేడమ్?”

“తిండి సయించదు. కడుపునొప్పి. మాటలు వెనకబడతాయి. కొందరు బతకరు. పాపం, ఆ తల్లులు ముద్దుగానే తాగించి ఉంటారు.”

బుజ్జి వారం రోజులుగా అన్నం ముట్టడం లేదు. పళ్లొస్తున్నాయిలే అని మా అమ్మాయికి ధైర్యం చెప్పింది నేనే.

భోజనం వేళ ఇంటికి పరిగెత్తాను. బుజ్జి గిన్నె కొమ్ము చీకుతూ కూర్చుంది. లాక్కుంటే గుక్కపట్టి ఏడ్చింది.

“పిల్లని ఎందుకమ్మా ఏడిపిస్తావు?” అంది మా అమ్మాయి.

“అంచు విరిగిందే, గుచ్చుకుంటుంది” అన్నాను. అబద్ధమే. గిన్నెని సంచిలో వేసుకున్నాను.

తిరిగి పనికి వెళ్లే దారంతా ఒకటే లెక్క. గిన్నెని ఏదో పెంకుల తట్టలో కలిపేస్తాను. సాయంత్రం బుజ్జిని డాక్టరుకి చూపించి కడుపునొప్పి అని చెబుతాను. సీసం మాట ఎత్తకపోతే డాక్టరు ఏం వెతుకుతాడని లోపల ఎవరో అడుగుతూనే ఉన్నారు.

తట్టలో పెట్టిన అరగంటకే మేడమ్ చేతికి చిక్కింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

“ఇది పాత అరుగుదల, మట్టి పట్టి నల్లబడింది. ఈ పక్కన తెల్లగా ఉంది చూడు, చెంచా గీతలు. ఇవి మొన్నమొన్నటివి.” భూతద్దం కింద పెట్టింది. “ఎవరు తాగుతున్నారు ఇందులో?”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. కానీ తేలు కుట్టింది నన్ను కాదు.

“నా మనవరాలు. నాలుగు నెలలుగా. రోజూ.”

“పద, పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్దాం” అంది మేడమ్. గిన్నెని గుడ్డలో చుట్టి, కారు తాళాలు తీసుకుని గబగబా బయటికి నడిచింది. తిట్టి ఉంటే నాకింత భయం వేసేది కాదు.