ముడివేసిన కర్టెను

"కర్టెను అలా ముడేస్తే నలిగిపోతుందత్తయ్యా" అని నేను అంటూనే ఉన్నాను, "నలిగితే ఇస్త్రీ చేయించు, నాకు వీధి కనబడాలి" అని ఆవిడ అంటూనే ఉంది. పోయి రెండేళ్ళయినా అత్తయ్య వేళ్ళలో పట్టు తగ్గలేదు, కర్టెను కొస మెలిపెట్టి బిగించేస్తోంది. కిటికీ మా వెనక గదిదే కానీ, అవతల వీధికి బదులు పెద్ద హాలూ పొడుగాటి బల్లా ఉన్నాయి, రేపు మా చైత్రని ఇంటర్వ్యూ చేసే మెడికల్ కాలేజీ హాలే అదని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుస్తోంది.

అత్తయ్య వెళ్ళి బల్ల వెనక కుర్చీలో కూర్చుంటుంది. నేను హార్లిక్స్ గ్లాసు పట్టుకుని ఎంత నడిచినా ఆ బల్ల దగ్గరికి రాదు.

"ఏంటే వసుంధరా, మనవరాలు పరీక్ష పాసైందంటగా?"

"అయింది. కానీ అక్కడ మార్కులొక్కటే చాలవట, మనిషి ఎలాంటిదో చూస్తారట. జబ్బుమనిషి దగ్గర నువ్వేం చేశావో చెప్పమంటారట. మీ సంగతే చెబుతానంటోంది."

"చెప్పనీ."

ఎలా చెప్పనివ్వను? ఆవిడకి కేన్సరని తెలిసినప్పుడు ఇంట్లో అందరం అల్సరని అబద్ధం చెప్పాం. పదో తరగతిలో ఉన్న చైత్ర మాత్రం ఆవిడ అడగ్గానే నిజం చెప్పేసింది. అప్పట్నుంచీ నాకూ కూతురికీ మధ్య అవసరానికి మించి మాట లేదు. "అది చెబితే రాతిగుండె అనుకుంటారే, మామ్మ కాళ్ళు పట్టానని చెప్పు" అని ఆయన నిన్నంతా పోరు పెట్టారు. "నేను పట్టలేదుగా నాన్నా, అమ్మ పట్టింది" అంటుంది అది.

"దానికి జాలి లేదత్తయ్యా. మిమ్మల్ని ఏడిపించింది."

"ఏడ్చాను. భయమేసింది మరి. దాన్ని తిట్టాను కూడా. అది లేచిపోయిందనుకున్నావా? తిట్టించుకుంటూ పక్కనే కూర్చుంది. నా ఏడుపైపోయాక, ఇప్పుడేం కావాలి మామ్మా అంది. వీధి చూడాలన్నాను. అప్పుడేసింది ఈ ముడి. నువ్వొచ్చి విప్పేశావు."

హార్లిక్స్ మీద మీగడ కడుతోంది, గ్లాసు చల్లబడిపోతోంది, దించుదామంటే చోటు లేదు.

"నేనూ మీ పక్కనే ఉన్నానుగా, రాత్రీ పగలూ."

"ఉన్నావు. నువ్వు చేసినట్టు కన్నకూతురు కూడా చెయ్యదు. కానీ నేను నోరు తెరిస్తే చాలు, వచ్చే నెలకి లేచి తిరుగుతారత్తయ్యా అనేదానివి. లేచి తిరగబోయేదాన్నైతే ఇక నీకేం చెప్పుకోను? నీ పెళ్ళైన కొత్తలో నిన్నో మాటన్నాను, అది వెనక్కి తీసుకోవాలని ఎంత అనుకున్నానో."

"ఏ మాట? ఇప్పుడు చెప్పండి" అంటాను. బల్ల దూరం జరిగిపోతోంది, ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం నా దాకా రావడం లేదు, ఇంత పెద్ద హాల్లో నేనొక్కదాన్నే చల్లారిన గ్లాసుతో నిలబడి ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. వెనక గదిలోకి వెళ్ళాను. అదిప్పుడు చైత్ర గది. పిల్ల స్నానానికి వెళ్ళినట్టుంది. కిటికీ కర్టెను కొస మెలిపెట్టి, బిగించి ముడి వేసి ఉంది. ఈ రెండేళ్ళూ రోజూ అది వెయ్యడం, నలుగుతుందని నేను విప్పడం. అలవాటుగా చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. ముడి కింద నుంచి వీధి కనబడుతోంది. పాల ప్యాకెట్లవాడు సైకిలు దిగుతున్నాడు.

టిఫిన్ల దగ్గర మామయ్యగారూ ఆయనా చైత్రా ఉన్నారు. ఆయన మళ్ళీ కాళ్ళు పట్టిన కథ ఎత్తుకోబోయారు. చైత్ర పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసి చెప్పాను.

"మామ్మకి నిజం చెప్పిన సంగతే అది చెబుతుంది. ఇవాళ దాని వెంట నేను వెళ్తున్నాను. ఆ రోజు మామ్మ ఇంకా ఏమేం మాట్లాడిందో, దార్లో నాక్కూడా చెప్పాలి."