నా నోట్లో ఇన్షా అల్లా

"రేపు సాయంత్రానికి కోటు అయిపోతుందా, టైలరన్నా?" అని నర్సమ్మ అడిగింది. ఎల్లుండి ఉదయమే ఆమె కొత్త ఉద్యోగంలో చేరాలి. తెల్లకోటు లేకుండా లోపలికి రానివ్వరట.

"ఇన్షా అల్లా," అన్నాను అలవాటుగా, టేపు మెడలో వేసుకుంటూ.

ఆమె గుడ్డ తిరిగి సంచిలో పెట్టేసుకుంది. "అయితే అవదన్నమాట. మీ దగ్గర కుట్టించుకునేవాళ్లందరం ఆ మాటకి అర్థం నేర్చుకున్నాంలే అన్నా."

వెక్కిరింపుగా కూడా అనలేదు. అదే నన్ను చంపేసింది. అల్లా తలిస్తే తప్పక చేస్తానని చెప్పే మాటకి ఇరవై ఏళ్లుగా నేను కుట్టిపెట్టిన అర్థం 'అవదు' అని! రోజుకి ఐదుసార్లు నమాజు చేసే మొహమేనా ఇది? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సంచి ఇలా ఇవ్వమ్మా. రేపు నేను అసర్ నమాజుకి వెళ్లేలోపు, నాలుగున్నరకల్లా, కోటు నీ చేతిలో ఉంటుంది. ఇన్షా అల్లా. ఈసారి నిజంగా!"

మర్నాడు మిషను పరుగులు పెట్టింది. టీ చుక్క ముట్టుకుంటే ఒట్టు. కాలర్ అయింది, జేబులు అయ్యాయి. మూడున్నరకి చేతుల ముక్కలు పరిచి చూద్దును కదా, రెండూ ఎడమ చేతివే! తొందరలో రెండూ ఒకే వైపుకి కత్తిరించేశాను. మిగిలిన గుడ్డ జేబురుమాలుకి కూడా రాదు.

"అయిపోయాను," అని నెత్తి కొట్టుకున్నాను.

ముందుపట్టీకి కాజాలు కుడుతున్న మా ఆవిడ తలైనా ఎత్తలేదు. "ఆ తెల్లగుడ్డకి లోపలేంటి, బయటేంటి? ఒకటి తిరగేయండి."

తిరగేశాను. కుడిచెయ్యి! "అల్‌హందులిల్లా!" అని నేనరిచిన అరుపుకి పక్కషాపు మంగలి కత్తి పట్టుకునే బయటికొచ్చాడు.

నాలుగూ ఇరవైకి బొత్తాలు పడ్డాయి. ఇస్త్రీ వేడి ఆరకముందే కోటు పట్టుకుని పక్కవీధికి పరుగెత్తాను. నర్సమ్మ తలుపు తీసి గోడగడియారం చూసింది, కోటు చూసింది, గబగబా తొడుక్కుంది. చేతులు రెండూ చక్కగా అమరాయి.

"భలే కుట్టారన్నా! మార్చుకోడానికి ఇంకోటి కావాలి. ఎప్పటికిస్తారు?"

వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. "సోమవారం... ఇన్షా అల్లా."

ఆమె తిన్నగా క్యాలెండరు దగ్గరికెళ్లి, పెన్ను తీసి, సోమవారం పక్కన 'కోటు' అని రాసుకుంది.

సంతోషంతో నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ రోజు మసీదుకి నడవలేదు, పరుగెత్తాను.