కచేరిలో మగ్గం

మా ఊరి గడిలో ఎన్ని గదులున్నాయో దొర పారిపోయాకే మాకు తెలిసింది. అంతకుముందు మేమెరిగింది దొర తీర్పులు చెప్పే కచేరి ఒక్కటే. అందులోనూ తల వంచుకుని నిలబడేవాళ్లకు కింది గచ్చు తప్ప ఏం కనిపిస్తుంది?

యూనియన్ సైన్యం వచ్చాక, రజాకార్లకు కొమ్ముకాసిన దొర భయపడి పట్నం చేరాడు. ఊరు గదులు పంచుకుంది. వడ్ల కొట్టులో బడి పెట్టుకున్నాం. వసారాలో పెళ్లిళ్లు చేసుకున్నాం. దొరసాని పడకగది కాన్పులకు వదిలేశాం. నా చిన్నదాన్ని నేనక్కడే కన్నాను. అంత నొప్పుల్లోనూ దొరసాని నిలువుటద్దంలో నా మొహం చూసుకుంటే నవ్వొచ్చింది.

కచేరి మాత్రం లింగమ్మకిచ్చాం. రజాకార్లు ఆమె ఇల్లూ మగ్గమూ కలిపి తగలబెట్టారు. మొగుడు ముందే పోయాడు. ఊరంతా కూడి కొత్త మగ్గం చేయించాం. కూర్చుని కాళ్లాడించడానికి గుంట కావాలి.

"ఎక్కడ తవ్వమంటవ్ అక్కా?" అని అడిగాడు ఉప్పలయ్య గడ్డపార పట్టుకుని.

"దొర కుర్సీ ఏసుకునే జాగల. గాడ్నే ఎల్తురు మంచిగుంటది," అంది లింగమ్మ.

గచ్చు పగులుతుంటే నా ప్రాణం లేచొచ్చింది.

ఏడాది తిరక్కుండానే దొర గుమాస్తా కిషన్ రావు ఇద్దరు పోలీసులను వెంటేసుకుని దిగాడు. గడి దొరకే చెందుతుందట, ఖాళీ చేయాలట. అన్నిటికంటే ముందు ఆ మగ్గం లేవాలట. లేస్తే లింగమ్మకు తలదాచుకునే చోటు లేదు.

"మగ్గం మీద బట్టున్నది అయ్యా. సగంల కోత్తే కోసినోనికి అరిష్టం," అంది లింగమ్మ. అందరిలా 'బాంచెన్, కాల్మొక్త' అనలేదు.

ఆ మాట కిషన్ రావూ ఎరుగును. "సరే, మగ్గం మీది పడుగు అయిపోంగనే లేవాలె," అన్నాడు పెద్ద ధర్మప్రభువులా.

పడుగు కొసకొచ్చిన రోజు మేం ఏడుపు మొహాలతో సామాను మోయడానికి వెళ్లాం. లింగమ్మ పాత పోగుల కొసలకు కొత్త పడుగు ఒక్కొక్క పోగే అతుకుతోంది. నేసేవాళ్లంతా చేసే పనే అది; అలా అతుకుతూ పోతే పడుగు ఎప్పటికీ అయిపోదు. ఆ సంగతి కిషన్ రావుకే కాదు, మాకూ తట్టలేదు. కడుపుబ్బ నవ్వుకున్నాం.

అతనొచ్చి చూసి మండిపడ్డాడు. "ఇంకా కాలేదా?"

"ఏడ తెగిందో చూపియ్యి అయ్యా, లేత్త," అంది లింగమ్మ.

"నేనే తెంపుత," అంటూ బడి గదిలోంచి కత్తెర తెప్పించి ముందుకొచ్చాడు.

లింగమ్మ గుంటలోంచి లేవలేదు. "తెంపు. గని బూట్లిడిసి రా. మగ్గం కాడికి చెప్పుల్తోని ఎవ్వలు రారు."

తాతల నాటి నుంచి ఆ గడపలో చెప్పులు విప్పింది మేమే. పోలీసుల్లో ఒకడు తన బూట్లు చూసుకుని మెల్లగా బయటికి నడిచాడు. కిషన్ రావు బూటు తాడు విప్పబోయి వంగాడు. తలెత్తి చూస్తే చుట్టూ మేమంతా నిటారుగా నిలబడి ఉన్నాం. వంగింది అతనొక్కడే. ఆ సంగతి అతనికీ తెలిసింది. ఒళ్లంతా కాలినట్టు లేచి నిలబడ్డాడు.

"మల్లొస్త," అన్నాడు కత్తెర కింద పడేసి.

"రా అయ్యా," అంది లింగమ్మ, పేక పోగు తోసే నాడె అందుకుంటూ. "వొచ్చినప్పుడు బూట్లు గడప అవుతల్నే ఇడువు."