పాలు పడని ఇల్లు

పిల్ల మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

నిండా రెండు నెలలు లేని పసిగుడ్డు. రొమ్ము నోటికి తగలగానే ఆశగా ఒక్కసారి చప్పరించింది. అంతే, వెనక్కి విరుచుకుపడి గుక్కపట్టింది. రెబ్కా తలెత్తి అత్త వైపు చూసింది. ప్రేమమ్మ ఆ చూపు తప్పించుకుని పొయ్యి దగ్గరకి నడిచింది.

ఆ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. రెండేళ్ళ కిందట, మిరపకోతల రోజుల్లోనే, ఇలాగే మొహం తిప్పుకున్న మగపిల్లాణ్ణి చర్చి వెనక మట్టిలో పెట్టి వచ్చారు. తల్లికి పాలు పడక పోయాడన్నారు. ఈ పిల్ల మహిమ కూడా అదే దారి పడుతుందేమోనన్న మాట ఆ ఇంట్లో ఇంకా ఎవరి నోటా రాలేదు. వస్తే నిజమవుతుందని భయం.

రెబ్కాకి తల్లి లేదు. రెండు కాన్పులూ అత్త చేతి మీదే జరిగాయి. మొగుడు ప్రభు చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పని, ఆదివారం ఆరాధనకి వచ్చి పోతాడు. కాబట్టి పిల్ల బతకాలన్నా, కోడలికి పాలు పడాలన్నా అంతా ప్రేమమ్మదే భారం.

ఆమె ఊరుకునే మనిషి కాదు. తెల్లారుజామునే లేచి, తెలగపిండి ఉడకేసి, మునగాకు దూసి వేసి కూర వండేది. చీరాల నుంచి చేపలమ్మి తెచ్చిన సొరచేపని ముళ్ళు తీసి, వెల్లుల్లి దండిగా దంచి వేసి పిట్టు చేసేది. మెంతులు నానబెట్టేది. పచ్చి బొప్పాయి కోరేది. ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. నీళ్ళ దగ్గర మాత్రం చెయ్యి బిగించేది. "బాలింత ఒంటికి నీరు పడితే మంచం దిగదు" అంటూ గుక్కెడంటే గుక్కెడే పోసేది.

పక్కింటి రాజ్యం గోడ మీద నుంచి తొంగి చూసి నవ్వింది.

"ఏం ప్రేమమ్మొదినా, తెలగపిండి మొత్తం నీ కోడలికే పెడితే గేదెలేం తింటాయే?"

"గేదెకి పడితే చెంబుడు పాలు వస్తాయి. ఈ మనిషికేమో చుక్క రావట్లా. ఏం చెయ్యమంటావు మరి?"

"చుక్క రాకపోవడమేంది? పొద్దున నువ్వు చేలోకి పోయినాక నా కళ్ళ ముందే తాగిందమ్మా పిల్ల, కాసేపైనా. నీ మొహం చూస్తేనే పాలు ఇంకిపోతున్నాయేమో చూసుకో!"

"నీ నోట్లో మన్నుబడ. పొద్దుటి పాలు పొద్దున తాగింది, సాయంత్రానికి అయిపోయినాయి. ఆ మాత్రం తెలవదా?"

ఆ పూట రెబ్కా మెల్లిగా అంది. "అత్తా, పాలిచ్చేటప్పుడు ఇక్కడ మంటగా ఉంటంది."

"పగుళ్ళమ్మా. చంటిపిల్ల తల్లికి మంట ఉండదా? వెన్న రాయి."

మిరప ఊళ్ళో మంట గురించి ఎవరితో చెప్పుకుంటారు? ఆ నెలల్లో గాలి మండుతుంది, తాగే నీళ్ళు మండుతాయి, కన్ను నలుపుకుంటే కన్ను మండుతుంది. నడుముకి దోపిన కొంగులోకి కాయలు కోసుకుంటూ పొద్దంతా సాళ్ళల్లో వంగి నడిచే ఆడవాళ్ళకి కొన్నాళ్ళకి ఏ మంటా తెలియదు. అయినా చేతుల విషయంలో ప్రేమమ్మ చాలా జాగ్రత్త. ఇంటికి రాగానే మోచేతుల దాకా నూనె రాసి, సబ్బుతో తోమి, వాసన చూసుకుని, కొంగుకి తుడుచుకుని గాని పిల్ల దగ్గరకి వచ్చేది కాదు.

పిల్ల నోటికి రొమ్ము అందించే పని ఇంట్లో పెద్దదానిదే. తొలిచుక్క పిండి నేల మీద వదలాలి. "యేసయ్యా" అనుకుని, కొంగుతో ఒకసారి తుడిచి, అప్పుడు పిల్లని పట్టాలి. దిష్టి తగలకుండా ప్రేమమ్మ అత్త అలా చేసింది, ఆవిడ అత్త అలా చేసింది. ప్రేమమ్మ ఇంట్లో ఉండగా ఆ పని ఎవరికీ వదల్లేదు.

వారం గడిచేసరికి పిల్ల పగలు కూడా నోరు పెట్టడం మానేసింది. పాలపీకతో డబ్బా పాలు పోస్తే కక్కేసింది. తొడల మీద చర్మం ముడతలు పడింది. పెదకాకాని ఆసుపత్రిలో నర్సమ్మ తూకం వేసి పెదవి విరిచింది.

"పిల్ల చీకకపోతే తల్లికి పాలెలా పడతయ్యమ్మా? తిండి ఒక్కటే చాలదు. మాటిమాటికీ రొమ్ముకి పట్టండి. రెండు వైపులా పట్టండి. తల్లిని కడుపునిండా నీళ్ళు తాగనివ్వండి, నిద్రపోనివ్వండి. సోమవారానికి పుంజుకోకపోతే గుంటూరు పెద్దాసుపత్రికి తీసకపోవాల."

నీళ్ళ మాట ప్రేమమ్మకి మింగుడుపడలేదు. అయినా తల ఊపింది. ఇంటికి రాగానే కూజా తెచ్చి కోడలి మంచం పక్కన పెట్టింది. చేలో కోత మానుకుని, ఇంటి వెనక కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి కుదిరింది. ఎర్రటి రాశుల మధ్య కూర్చుని చెవులు ఇంటి మీదే పెట్టేది. పిల్ల కుయ్‌మంటే చాలు, పరుగు. నూనె, సబ్బు, చేతులు తుడుచుకోవడం, తొలిచుక్క, కొంగు. మాటిమాటికీ పట్టమంది కదా నర్సమ్మ, మాటిమాటికీ పరుగెత్తింది.

పిల్ల ఏడుపు కూడా సన్నబడింది. పిల్లికూన గొంతు.

శనివారం మధ్యాహ్నం. మహిమ నాయనమ్మ చేతుల్లోంచి తల్లి రొమ్ము వైపు చూసి, నోటికి ఆనించకముందే ఏడ్చింది. చెంప మీదుగా నీటిచుక్క జారింది. ప్రేమమ్మ "ఏడవమాకు నా తల్లీ, ఏడవమాకు" అంటూ కొంగు చివరతో ఆ కన్ను ఒత్తింది.

పిల్ల కెవ్వుమంది.

అంత గొంతు ఆ పిల్లలో మిగిలి ఉందని ఎవరూ అనుకోలేదు. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుంది. కన్ను క్షణాల్లో చింతనిప్పులా ఎర్రబడింది.

"ఏమైందత్తా? ఏం చేశావు?"

ప్రేమమ్మ తన చేతిలోని కొంగు వైపు చూస్తూ ఉండిపోయింది. మెల్లిగా దాన్ని నోటి దగ్గరకి తీసుకుని, ఎండకి పగిలిన పెదవి మూలకి ఆనించింది.

భగ్గున మండింది.

 తర్వాత చేతులు వాటంతట అవే కదిలాయి. పిల్ల కేక విని పరుగెత్తుకొచ్చిన రాజ్యం చేతికి పిల్లనిచ్చి, చన్నీళ్ళతో కన్ను కడగమంది. కట్టుకున్న చీర విప్పి వాకిట్లోకి విసిరేసి, పెట్టెలోంచి ఆదివారం చీర తీసి చుట్టుకుంది. కోడలి రొమ్ము మీద నూనె పెట్టి, సబ్బుతో కడిగి, మళ్ళీ నూనె పెట్టి, మళ్ళీ కడిగింది. రెబ్కా వాకిట్లో పడున్న చీర వైపే చూస్తోంది.

"ఇప్పుడు నువ్వే పట్టుకోమ్మా. నేను తాకను."

ప్రేమమ్మ గడప బయట కూర్చుంది. లోపల చాలాసేపు ఏడుపు. తర్వాత మౌనం.  ఆఖరికి చప్పరింపు వినిపించింది. ఆగి, భయపడి, మళ్ళీ మొదలైంది. పాలు అట్టే లేవు, ఒట్టి రొమ్మే చీకుతోంది కాబోలు. కానీ చీకుతోంది.

రాజ్యం కళ్ళొత్తుకుంది. "పట్టిందొదినా! ఇక ఫరవాలేదు."

 ప్రేమమ్మ చూపు వాకిలి దాటి, చర్చి గోడ దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

"అత్తా."

"ఆఁ."

"ముందోడప్పుడు... అప్పుడు కూడా కోతలే కదా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. లేదమ్మా, వాడికి పాలు చాల్లేదు, దేవుడు తీసుకున్నాడు. ఊరంతా నమ్మిన మాటే. పాలు చాలని తల్లివి అని రెండేళ్ళుగా రెబ్కా మోసిన నింద కూడా ఆ మాట వెనకే ఉంది.

"అవునమ్మా" అంది ప్రేమమ్మ. "కోతలే. అదే కొంగు."

లోపల మంచం కిర్రుమంది. రెబ్కా పిల్లని రెండో వైపుకి మార్చుకుంది.

"దాహంగా ఉంది" అంది కాసేపటికి. "కూజా అయిపోయింది."

ప్రేమమ్మ గబగబా లేచి చెంబు నిండా నీళ్ళు ముంచి, తొణక్కుండా పట్టుకుని గడప దగ్గరకి వచ్చింది.

"లోపలికి రాబాక అత్తా. అక్కడ పెట్టి పో. రాజ్యం పిన్ని అందిస్తది."

ఆమె చెంబు గడప మీద పెట్టి, వెనక్కి తిరిగి వాకిట్లోకి నడిచింది.