అ పక్కన చుక్క

ఆ బేకరీలో కేకుల మీద అక్షరాలు రాసే ఆవిడను అందరూ పంతులమ్మ అనేవారు. ఆవిడ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పదకొండేళ్లుగా వెనకగదిలో రాతిబల్ల ముందు నిలబడి, క్రీము నింపిన కోను పట్టుకుని, పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ కేకుల మీద రాయడమే ఆవిడ ఉద్యోగం. కాకపోతే ఎవరైనా ఒక మాటను సగానికి కోసి వాడితే చాలు, మిగతా సగం పూర్తిచేసి వినిపించేది. ఆ పేరు అలా వచ్చింది.

ఎవరైనా "బడ్డే కేకు" అంటే ఆవిడకు ఒళ్లు మండేది. "పుట్టినరోజు అనడానికి నోరు నొప్పా?" అనేది. ఫోనులో ఎవరో "జీఎం" అని పంపితే, "శుభోదయమా, జనరల్ మేనేజరా?" అని తిరిగి రాసింది. కొడుకు ఒకసారి "ఓకే" అన్నదాన్ని కూడా కుదించి "కే" అని పంపాడు. ఇంటికి వెళ్లాక, "ఇంకో అక్షరం బాకీ ఉన్నావు" అంది.

కౌంటరు దగ్గర కూర్చునేది యజమానిగారి కోడలు. చురుకైన మనిషి. చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఎదురుగా బన్నుల కోసం నిలబడ్డ జనం, చేతిలో చీటీల పుస్తకం. ఆమె చీటీల్లో ఏ మాటా చివరిదాకా వెళ్లేది కాదు. గుడ్డు లేకుండా అన్నది "గు.లే.", పంచదార తక్కువ అన్నది "పం.త.", పుట్టినరోజు శుభాకాంక్షలు "పు.శు.".

"ఈ చుక్కలు పెట్టే బదులు అక్షరాలే పెట్టొచ్చుగా, అమ్మాయ్" అనేది పంతులమ్మ.

"అవతలివాళ్లు ఆగరు పిన్నీ. అయినా మీకు అర్థమవుతోందిగా?"

"అర్థమవుతోంది. అందుకే ఒళ్లు మండుతోంది."

ఈ పేచీ రోజూ ఉండేదే. మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, తెచ్చుకున్నవి ఒకరికొకరు పెట్టుకుని తినేవారు.

ఒక గురువారం కోడలికి పన్నునొప్పి వచ్చింది. పొద్దున్నుంచి చెంప పట్టుకునే చీటీలు రాసి, ఇక ఓర్చుకోలేక మూడింటికి పన్ను పీకించుకోవడానికి వెళ్లిపోయింది. యజమాని కౌంటర్లో కూర్చున్నాడు. ఆమె వదిలి వెళ్లిన చీటీల్లో ఒకటి పంతులమ్మ చేతికొచ్చింది. "కిలో. గు.లే. పం.త. ప్రి. అ.కు పు.శు. సా. 6. కండక్టరుగారు."

ప్రియమైన అన్నదాకా బాగానే చదివింది. తర్వాతి మాట దగ్గర ఆగింది. అ, పక్కన చుక్క. అమ్మా, అక్కా, అన్నా, అత్తా, అల్లుడా?

చీటీ పట్టుకుని కౌంటరు దగ్గరకు వచ్చింది. "ఈ కండక్టరుగారు ఎవరండీ?"

"పై వీధిలో ఉంటుందే, బస్సు కండక్టరు. ఆ అమ్మాయే" అన్నాడు యజమాని. "ఏం, అర్థం కాలేదా? నంబరుంది, ఫోను చేసి అడగమంటావా?"

అర్థం కాలేదా అన్న మాట పంతులమ్మకు గుచ్చుకుంది. "అక్కర్లేదు లెండి. పదకొండేళ్ల నుంచి చదువుతున్నాను" అని లోపలికి వెళ్లిపోయింది.

బల్ల ముందు నిలబడి ఆలోచించింది. పంచదార తక్కువన్నారంటే వయసు మళ్లిన మనిషే. కాబట్టి అక్క కాదు, అన్న కాదు, అల్లుడు అసలే కాదు. అమ్మా? అమ్మ అంటే ఉన్నదే రెండక్షరాలు, కన్నతల్లిని ఎవరు కుదిస్తారు? అయితే అత్తే. ఆ లెక్క ఆవిడకు ఎంతో నచ్చింది. కోను తీసుకుని, అరటాకు రంగు క్రీముతో, "ప్రియమైన అత్తయ్యకు పుట్టినరోజు శుభాకాంక్షలు" అని రాసింది. ఒత్తులు ఒక్కొక్కటీ విడివిడిగా, గుండ్రంగా కుదిరాయి. ఆరింటికి కండక్టరు భర్త వచ్చి, పెట్టె తెరిచి చూడకుండానే పట్టుకెళ్లాడు.

మర్నాడు పది గంటలకు కండక్టరే వచ్చింది. యూనిఫారంలో ఉంది, భుజాన తోలుసంచీ. "నిన్న మా కేకు మీద రాసిందెవరండీ?" అంది.

కోడలు వాచిన చెంపతోనే కౌంటర్లో ఉంది. పాత చీటీ వెతికి చూసుకుని, నాలిక కరుచుకుంది. "అక్కకని చెప్పారు కదూ" అంది నోరు పూర్తిగా తెరవకుండా.

"అవును. మా అక్కకి. తనకి షుగరు. అత్తయ్యకని రాసుంది."

యజమాని లేచి నిలబడ్డాడు. ఈలోగా మాటలు విని పంతులమ్మ బయటికి వచ్చింది. "రాసింది నేనేనమ్మా" అంది. "చీటీలో ఒక్క అక్షరమే ఉన్నమాట నిజం. కానీ ఫోను చేసి కనుక్కుందామని ఈయన అన్నారు. నేనే వద్దని నాకు తోచింది రాశాను. తప్పు నాది. ఇంకో కేకు చేసిస్తాం."

"అదెలాగూ కావాలి. ముందు జరిగింది వినండి" అంటూ కండక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది.

పెళ్లై ఆరేళ్లయిందట. అత్తగారితో ఏనాడూ గొడవ లేదట. "గొడవ పడాలన్నా మాటలుండాలిగా. తిన్నావా అంటే ఆ, వెళ్లొస్తానంటే ఊ. అంతే. రోజంతా బస్సులో అరిచి ఇంటికెళ్లేసరికి నాకు గొంతుండదు. నాకు పొగరని ఆవిడనుకున్నారు. నేనంటే పడదని నేననుకున్నా."

ముందురోజు సాయంత్రం అక్క వచ్చింది. అందరూ బల్ల చుట్టూ చేరి పెట్టె తెరిచారు. కత్తి పట్టుకున్న అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. "నా పుట్టినరోజు నీకెవరు చెప్పారే? అదెప్పుడో నాకే తెలీదే" అంది.

"మా ఆయన ఏదో చెప్పబోయారు. మా అక్క ఆయన కాలు తొక్కింది. 'తెలీకపోతే ఏమైంది అత్తయ్యగారూ, ఇవాళే అనుకుందాం' అని కత్తి ఆవిడ చేతికిచ్చింది. అరవై ఏడేళ్ల మనిషి, అక్షరాల పక్కనుంచి మెల్లగా కోశారు."

కౌంటరు ముందు బన్నుల కోసం వచ్చినవాళ్లు కూడా కదలకుండా వింటున్నారు.

"మరి నిజం చెప్పలేదా?" అడిగింది పంతులమ్మ.

"గిన్నెలు కడిగేటప్పుడు చెప్పాను. కడుపులో ఉంచుకోలేకపోయా. అది అక్క కోసం చేయించిన కేకు అత్తయ్యా, బేకరీవాళ్లు పొరబడ్డారు అన్నాను. ఆవిడ నవ్వారండీ. 'తెలుసులేవే, మీ అక్క నీ మొగుడి కాలు తొక్కడం చూశాను. అయినా చదువుతుంటే బాగుంది, పోనీలెమ్మని కోశాను' అన్నారు. గిన్నెలైపోయినా ఇద్దరం అక్కడే నిలబడి మాట్లాడుకుంటూనే ఉన్నాం. నా బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో అన్నీ చెప్పించుకున్నారు. చిల్లర ఇవ్వనివాళ్లని ఏమంటావని అడిగారు. ఆరేళ్లలో ఆవిడ నన్ను అడిగినవన్నీ ఒకెత్తు, నిన్న అడిగినవి ఒకెత్తు."

డ్యూటీ టైమవుతోందని కండక్టరు లేచి, అక్కకు కొత్త కేకు చెప్పింది. డబ్బు వద్దని యజమాని ఎంత చెప్పినా వినలేదు. కోడలు పెన్ను తీసుకుని ఈసారి మొత్తం పూర్తిగా రాయడం మొదలుపెట్టింది. చీటీ చాలక వెనక్కి తిప్పింది. వరసలో వెనకనున్న పెద్దాయన దగ్గాడు.

"అంతొద్దులే అమ్మాయ్, జనం ఆగిపోతున్నారు" అంది పంతులమ్మ. "గుడ్డునీ పంచదారనీ నీ ఇష్టమొచ్చినట్టు కుదించుకో. చుట్టాలని మాత్రం పూర్తిగా రాయి. నాకు తెలీనిది నేనూ వచ్చి అడుగుతా."

"సరే పిన్నీ" అంది కోడలు, చెంప పట్టుకుని నవ్వుతూ.

సాయంత్రం కేకు తీసుకోవడానికి కండక్టరుతో పాటు ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లటి జుట్టు, పొట్టి మనిషి. పెట్టె తెరిపించి "ప్రియమైన అక్కకు" అన్నది తన కళ్లతో చదువుకుంది. తర్వాత వెనకగది గుమ్మం దాకా వచ్చి పంతులమ్మను పలకరించింది.

"నిన్న రాసింది మీరేనా?"

"నేనేనండీ. పొరపాటైంది."

"ఏం పొరపాటులే. చుట్టూ ఉన్నదంతా అందరికీ కోసిపెట్టాను. 'అత్తయ్యకు' అన్నచోట మాత్రం కత్తి పెట్టబుద్ధి కాలేదు. ఆ ముక్క ఇవాళ పొద్దున నేనే తిన్నాను."

"పంచదార సరిపోయిందా?"

"ఇంకాస్త పడాల్సింది" అందావిడ. పెట్టె పట్టుకుని కండక్టరు అప్పటికే మెట్ల దగ్గరనుంచి పిలుస్తోంది. వస్తున్నానని కేకేసి, వెళ్లి పెట్టెకు తన చెయ్యి కూడా ఆనించింది. అత్తాకోడళ్లిద్దరూ మాట్లాడుకుంటూ వీధిలోకి దిగారు.