నీ తప్పేటుంది

“ఆ తీగ మీద దుప్పట్లు తీసెయ్యి. డాక్టరమ్మకి మన ఇల్లు చాకిరేవులాగ కనిపిస్తాది,” అన్నాడు లక్ష్మీప్రసాద్, ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి నిలబెడుతూ.

దేముడమ్మ తడి దుప్పట్లు తీసి భుజాన వేసుకుంది. పొద్దున్నే బొర్రా గుహలకి వెళ్లిపోయిన టూరిస్టులు వాడినవి అవి. ఇంట్లో రెండు గదులు అరకు చూడ్డానికొచ్చే వాళ్లకి అద్దెకిస్తారు. “మా గెస్ట్‌హౌస్” అంటాడు లక్ష్మీప్రసాద్. గదులు ఊడ్చేది, బాత్‌రూములు కడిగేది, వచ్చినవాళ్లు అడిగినప్పుడల్లా టీలు కాచేది దేముడమ్మ. ఆయన వసారాలో కుర్చీ వేసుకుని, సీలేరు పవర్‌హౌస్‌లో తాను ఇంజినీరుగా ఉన్న రోజుల్లో టర్బైన్లు ఎలా తిరిగేవో వాళ్లకి చెబుతాడు. ఏజెన్సీలో మైదానం మనిషికి భూమి కొనే హక్కు లేదు. అందుకని ఇల్లూ, ఇంటి వెనక కాఫీ తోటా కొండదొరల ఆడపడుచు దేముడమ్మ పేరునే ఉన్నాయి. తోట ఆమె నాన్నదే. “మా” అనే మాటలో ఆమె వాటా మాత్రం ఆ పట్టా దాటి ఇవతలికి రాలేదు.

ఆ రోజు ఇన్సూరెన్సు కంపెనీ డాక్టరు వీడియో కాల్‌లో ఇద్దరినీ ప్రశ్నలడుగుతుంది. అది అయిపోతే పాలసీ వస్తుంది, పాలసీ వస్తే థాయ్‌లాండ్ వీసా వస్తుంది. సీలేరులో ఆయనతోపాటు పనిచేసిన భాస్కర్ రిటైరై అక్కడే చియాంగ్ మాయిలో స్థిరపడ్డాడు. “అచ్చం మన అరకేరా. కొండలు, చలి, కాఫీ తోటలు. ఆసుపత్రులు మాత్రం అద్దాల్లాగ ఉంటాయి,” అని రోజూ ఫోను. అరకులాంటి ఊళ్లో ఉండడానికి అరకు వదిలి వెళ్లడమేమిటో దేముడమ్మకి అర్థం కాలేదు. అడగలేదు. ఆ ఇంట్లో అడిగే అలవాటు ఆమెకి ఎప్పుడో పోయింది.

పాలసీ ఎంచడానికి మగవాళ్లిద్దరూ నెలంతా మంతనాలు చేశారు. ఆయనకి గుండెలో స్టెంటు ఉంది కాబట్టి పెద్ద పాలసీ. ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు, ఏ గదైనా తీసుకోవచ్చు. ఆమెకి చిన్నది, వీసా వాళ్లు ఒప్పుకునేంతది. “నీకేటి, కొండమేకలాగ ఉంటావు. జొరం కూడా రాదు,” అన్నాడు. జ్వరం రాకపోవడం కాదు, వచ్చినప్పుడు కూడా పొయ్యి వెలుగుతూనే ఉంది కాబట్టి ఆయనకి తెలియలేదు. ఆ మాటా ఆమె అనలేదు. ఒకే ఒక్కటి అడిగింది. పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి.

“నేనక్కడ పోతే నన్ను ఇక్కడికి తీసుకొచ్చే ఏర్పాటున్న పాలసీ తీసుకోండి. పాప పక్కన పెడతారు.”

“అది పెద్ద పాలసీలోనే ఉంది. పోయినాక ఎక్కడైతే ఏటి? నీకేటి తెలుస్తాది?”

అలా ఆయన శవానికి విమానం ఏర్పాటైంది, ఆమె శవానికి కాలేదు. దేముడమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తనకి తానే నచ్చజెప్పుకుంది. ఆయన చేసిన దాని ముందు ఇదెంత, అనుకుంది. ఆయన చేసిందేమిటంటే, ఒక్క మాట అనకపోవడం.

ఆ సంగతి తెలియాలంటే సోని సంగతి చెప్పాలి. వాళ్లకి పుట్టిన ఒక్క బిడ్డ. రెండో ఏడు దాటకముందే చేతులు, పాదాలు వాచేవి. కళ్లు పచ్చబడేవి. రాత్రంతా ఎముకలు నొప్పి అని ఏడ్చేది, తల్లి ఆ చిన్న కాళ్లు ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ రాసేది. అప్పటికి దేముడమ్మ ఆశ్రమ పాఠశాలలో టీచరు. “ఎవరో ఒకరం మానాలి కదా, నా జీతం ఎక్కువ,” అన్నాడాయన. ఆమె మానేసింది. విశాఖ పెద్దాసుపత్రిలో ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. ఫలితాలకి ఆయన వెళ్లాడు, ఆమె వార్డులో పాపకి పాలలో బ్రెడ్డు ముంచి తినిపిస్తూ కూర్చుంది. తిరిగొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

“నీ రగతంలో సికిల్ సెల్ ఉందట. అదే పాపకి వచ్చినాది.”

“మరి మీది?”

“నాది బాగానే ఉందన్నారు.”

ఆమె ముఖం చూసి, తల మీద చెయ్యి వేసి, “నీ తప్పేటుంది, ఏటి సేత్తాం,” అన్నాడు.

ఆ మాటని దేముడమ్మ దేవుడిచ్చిన ప్రసాదంలా దాచుకుంది. ఎందుకంటే ఆ తర్వాత అలా అన్నవాళ్లు ఇంకెవరూ లేరు. పార్వతీపురంలో అత్తగారు మొదటినుంచీ కోడల్ని మింగలేక కక్కలేక ఉంది. “దేముడమ్మేటి, పాచిపని సేసేవాళ్ల పేరులాగ,” అని పెళ్లికార్డులో దేవి అని అచ్చు వేయించింది. సోని ఆరో ఏట పోయినప్పుడు ఆ ఇంటి నడవలో, చుట్టాలందరూ వింటుండగా, గుండెలు బాదుకుంటూ అంది, “కొండ రగతం తెచ్చుకున్నావురా బాబూ! కన్నతల్లే నా గుంటని, నా మనవరాల్ని మింగేసినాది!” అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అంటారు. అక్కడ కుండ కాదు, బిడ్డ. పాపని పార్వతీపురంలో పెట్టనివ్వలేదు కూడా. అరకు తెచ్చి నాన్న తోట చివర, సిల్వర్ ఓక్ చెట్ల కింద పూడ్చారు. అంతకు ముందే, “మళ్లీ ఇలాటి గుంటే పుడితే?” అని అత్తగారు అన్న వారానికి, దేముడమ్మ తనంతట తానే ఆపరేషను క్యాంపుకి నడిచి వెళ్లి బల్ల మీద పడుకుంది. పాప బతికుండగానే.

లక్ష్మీప్రసాద్ తల్లిని వారించలేదు, నిజమే. కానీ భార్యని కూడా ఏమీ అనలేదు. వేరేవాడైతే వదిలేసి ఇంకో పెళ్లి చేసుకునేవాడు, అనుకునేది ఆమె. ఆయన మౌనం ఎంత పెద్ద మనసో అనుకునేది. ఆ మనసుకి బదులుగా చెయ్యగలిగినదల్లా చేసింది. అత్తగారు మంచాన పడితే ఆవిడ ఒళ్లు తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది. ఆవిడ పోయేముందు కూడా “కొండదానా, నీల్లు పొయ్యి” అనే పిలిచింది, దేముడమ్మ నీళ్లు పోసింది. తన పిల్లని తనే చంపుకున్న ఆడదానికి ఇంతకంటే మర్యాద ఎవరిస్తారు అనుకుంది.

రక్తపరీక్షల వాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఆమె తలుపు వేసుకునేది. సికిల్ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బు అవుతుందని ఒకసారి మైకులో చెప్పడం కిటికీలోంచి విన్నది. విని, భర్త వైపు చూసింది. ఆయన మైదానం మనిషి. ఇది కొండవాళ్ల జబ్బు అని కొండవాళ్లు కూడా నమ్ముతారు. పైగా ఆయన రక్తం బాగుందని పెద్దాసుపత్రే చెప్పింది. అయితే నాది మరీ చెడ్డ రక్తం కాబోలు, ఒక్కదాన్నే సరిపోయాను కాబోలు, అనుకుంది. ఎంత చదువుకున్న మనిషైనా, తప్పు తనదేనని ముందే ఒప్పేసుకున్నాక ఇంక లెక్క సరిచూసుకోదు.

ఫోను మోగింది. లక్ష్మీప్రసాద్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. డాక్టరు పేరు బిందుమాధవి, చిన్న వయసు, మెత్తటి గొంతు. దేముడమ్మ పక్కనే నేల మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. ఆమె వంతు తర్వాత.

“సార్, ఉన్నవన్నీ చెప్పండి. ఇప్పుడు ఏదైనా దాస్తే రేపు క్లెయిమ్ రాదు. పాత ఆసుపత్రి రికార్డులు కూడా చూస్తారు,” అంది డాక్టరు.

ఆయన షుగరు చెప్పాడు, బీపీ చెప్పాడు, స్టెంటు చెప్పాడు.

“రక్తానికి సంబంధించి ఏమైనా ఉన్నాయా? వంశంలో వచ్చేవి?”

లక్ష్మీప్రసాద్ ఓరకంట భార్యని చూశాడు. ఆమె తల వంచుకుని కాయలు ఒలుస్తోంది. గొంతు తగ్గించాడు.

“తలసీమియా ట్రెయిట్ ఉందండి. క్యారియర్ మాత్రమే. నాకు ఇబ్బందేమీ లేదు.”

“ఎప్పుడు తెలిసింది సార్?”

“ఇరవయ్యేళ్లు పైనే అయిందండి. మా పాపకి సుస్తీ చేసినప్పుడు ఇద్దరికీ టెస్టులు చేశారు కదా, అప్పుడు.”

భార్య వింటుందన్న భయం కంటే క్లెయిమ్ పోతుందన్న భయం ఎక్కువైంది ఆయనకి. లేదంటే, ఆ ఇంగ్లీషు మాట ఈవిడకేం అర్థమవుతుందిలే అనుకున్నాడేమో. దేముడమ్మకి ఆ మాట నిజంగానే అర్థం కాలేదు. “పాపకి సుస్తీ చేసినప్పుడు” అన్నది అర్థమైంది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. లేచి ఫోను ముందుకొచ్చింది.

“డాక్టరమ్మగారూ, ఆయన చెప్పిన జబ్బేటండీ?”

“జబ్బు కాదమ్మా, రక్తంలో ఒక లోపం. సార్ లాంటి వాళ్లకి ఏమీ కాదు. పిల్లల విషయంలోనే చూసుకోవాలి. మీకేమైనా ఉందా?”

“నాకు సికిల్ ఉందమ్మా. నాకెప్పుడూ ఏ బాధా లేదు, మా పాపే ఆరో ఏట...”

లక్ష్మీప్రసాద్ “అదంతా ఇప్పుడెందుకు, ఆవిడకి పనుంటాది,” అని చెయ్యి చాపాడు. దేముడమ్మ ఫోను అందుకుని వెనక్కి జరిగింది. అటువైపు డాక్టరు ముఖం మారింది.

“అమ్మా, పాపకి ఇద్దరి నుంచీ వచ్చి ఉంటుంది. సగం మీది, సగం సార్‌ది. మీ సికిల్, ఆయన తలసీమియా రెండూ కలిస్తేనే ఆ జబ్బు.”

“నాది ఒక్కటే వచ్చుంటే?”

“మీలాగే ఉండేదమ్మా.”

“అంటే?”

“ఆరోగ్యంగానే ఉండేది. పెద్దదయ్యేది,” అంది డాక్టరు. తర్వాత, “అప్పుడు మీకు చెప్పే ఉంటారు కదమ్మా?” అని అడిగింది.

లక్ష్మీప్రసాద్ ఫోను లాక్కుని తమ గొంతులు అటు వినపడకుండా మ్యూట్ నొక్కాడు.

“అప్పుడు సెప్తే మాయమ్మ తట్టుకోలేకపోయేది. ఆవిడకి నేనొక్కణ్ణే కొడుకుని.”

“నేను తట్టుకున్నాను కదండీ.”

“ఎప్పుడో అయిపోయిన ముచ్చట. ఇప్పుడు తవ్వుకుని ఏటి సేత్తావు? అయినా నేను నిన్ను ఎప్పుడైనా ఒక్క మాటన్నానా? సెప్పు. ఒక్క మాట!”

అనలేదు. ఎలా అంటాడు? దేముడమ్మ ఆయన ముఖంలోకి చూసింది. నడవలో చుట్టాల మధ్య తను నేల చూపులు చూస్తూ కూర్చున్న రోజున ఈ మనిషి స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు. తెలిసే నిలబడ్డాడు. ఆపరేషను క్యాంపుకి తను బయల్దేరినప్పుడు గొడుగు తీసి ఇచ్చాడు. తెలిసే ఇచ్చాడు. అత్తగారి పక్క బట్టలు ఉతుకుతుంటే, “నువ్వు కాబట్టి సేస్తన్నావు,” అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకి తను పొంగిపోయింది కూడా, ఛీ. నీ తప్పేటుంది అన్నప్పుడు తల మీద పెట్టిన ఆ చేతికి తెలుసు. ఇన్నేళ్లూ తను కృతజ్ఞత అనుకుని మోసినదంతా ఆయన దింపుకున్న బరువే. తల్లికి చెప్పలేనిది, పెళ్లానికి చెప్పలేనిది, ముక్కూ మొహం తెలియని కంపెనీ మనిషికి ఒక్క గుక్కలో చెప్పేశాడు. కంపెనీ అయితే డబ్బు ఆపేస్తుంది. పెళ్లాం ఏమి ఆపుతుంది?

ఆమెకి కోపం రావాలి. రాలేదు. మంచం పక్కన పాలలో బ్రెడ్డు ముంచుతున్న ఆ చిన్న వయసు దేముడమ్మ గుర్తొచ్చింది. ఎవరూ లేక ఎంత భయపడిందో పాపం, దాని పక్కన ఒక్కళ్లయినా కూర్చుని ఉంటే, అనిపించింది.

ఫోను అందుకుని, ఆయన నొక్కిన చోటే మళ్లీ నొక్కింది.

“డాక్టరమ్మగారూ, ఆయనది రాసుకోండి. నాది వద్దు.”

“పాలసీ వద్దా అమ్మా? ఇంకో ప్లాన్ ఏమైనా చూడమంటారా?”

“ఏదీ వద్దమ్మా. నేను ఆ దేశం వెళ్లటం లేదు. ఇల్లు నాదే, ఇక్కడే ఉంటాను.”

డాక్టరు తల ఊపింది. ఫోను పెట్టేశాక లక్ష్మీప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. మొదట అరిచాడు, తర్వాత బతిమాలాడు. ఆయన గొంతులో మొట్టమొదటిసారి నిజమైన భయం వినపడింది.

“గుండె జబ్బోణ్ణి. ఆ దేశంలో ఒక్కణ్ణే ఎలాగుంటానే? రేతిరేల ఏటైనా అయితే నన్నెవరు సూస్తారు?”

“బీమా తీసుకున్నారు కదండీ,” అంది దేముడమ్మ.

ఎత్తిపొడవడానికి అన్నది కాదు. ఆమెకి ఆ క్షణంలో ఇంకో జవాబు నిజంగా తోచలేదు. రాజ్మా కాయల చేట గట్టు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి నడిచింది. కాఫీ పళ్లు ఎర్రబడుతున్నాయి, వచ్చే వారం నుంచి కోత. సిల్వర్ ఓక్ చెట్ల కింద రాలిన ఆకులు చేత్తో పక్కకి తోసి, చిన్న గట్టు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. వచ్చిన ప్రతిసారీ ఇక్కడ “నన్ను క్షమించవే” అనేది. ఆ రోజు ఆ మాట రాలేదు. సోనీ అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఇన్నేళ్లూ బిడ్డ తలపుకొచ్చినప్పుడల్లా నేరం చేసినదానిలా ఏడ్చింది. ఆ సాయంత్రం మొదటిసారి, బిడ్డ పోయిన తల్లిలా ఏడ్చింది.